డ్రమ్మరు మీద వేసిన నింద

నా చెవి మీద నాకు పొగరు. ఉన్న మాట చెప్పుకోవడానికి సిగ్గెందుకు? యానాంలో గోదావరి ఒడ్డున పడవల ఇంజిన్లు బాగుచేసే షెడ్డు నాది. ఇంజిను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు కొన దాని ఒంటికి ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు నొక్కిపెట్టి వింటాను. బేరింగు అరిగిందో, పిస్టను కొట్టుకుంటోందో విప్పకుండానే చెప్పేస్తాను. మా నాన్నది వేటపడవ. ఆయన వల చూసుకుంటుంటే నేను ఇంజిను పక్కన కూర్చుని పెరిగాను. "ఈయన చెవి ముందు డాక్టర్లు కూడా పనికిరారండి బాబూ" అని పడవల వాళ్లు అంటుంటే, పైకి "ఊరుకోండి" అన్నా లోపల ఛాతీ ఉబ్బిపోయేది.

ఇలాంటి చెవి ఉందన్న ధీమాతోనే, మా బ్యాండు కొత్త ఆల్బం బాగోలేదని ఒక్కసారి విని తేల్చేశాను.

మా బ్యాండు అంటే పెళ్లి ఊరేగింపుల బ్యాండు కాదు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు కాకినాడలో డీజిల్ మెకానిక్ కోర్సు చదువుతూ, ఒక ఇంజినీరింగ్ కాలేజీ వేడుక చూద్దామని వెళ్లాను. పాసు లేదని గేటు దగ్గరే ఆపేశారు. గోడ ఎక్కాను. వేపచెట్టు అడ్డమొచ్చి స్టేజీ సరిగ్గా కనపడలేదు. నలుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని తెలుగులో సొంత పాటలు పాడుతున్నారు. సినిమా పాటలు, భజన పాటలు తప్ప ఇంకో రకం పాటలు ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. అందరికన్నా నన్ను పట్టేసినవాడు డ్రమ్మరు. డ్రమ్ముల పక్కన స్టాండ్ల మీద ఇత్తడి పళ్లేల్లాంటివి ఉంటాయి చూడండి, సింబల్స్ అంటారు. వాటిని అతను తాకే తీరు నాకు నచ్చింది. రేకుల కప్పు మీద తుంపర మొదలైనట్టు ఉండేది. ఇంజిన్ల మోతలో పెరిగినవాణ్ని. ఇనుమూ ఇత్తడీ కలిసి అంత సన్నగా పలుకుతాయని నేననుకోలేదు. గోడ దిగిన దగ్గర్నుంచి ఆ బ్యాండు నాదైపోయింది.

తరవాత మూడు ఆల్బంలు వచ్చాయి. మూడూ నాకు నోటికి వచ్చు. ఏ పాటలో ఏ క్షణాన సింబల్ పడుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఆ తరవాత ఆరేళ్లపాటు వాళ్ల దగ్గర్నుంచి చప్పుడు లేదు. విడిపోయారన్నారు, ఉద్యోగాల్లో పడ్డారన్నారు. మా అభిమానుల వాట్సాప్ గ్రూపులో మిగిలినవాళ్లం పాత పాటలే తిప్పి తిప్పి పంపుకుంటూ ఉండేవాళ్లం. ఆ గ్రూపు నడిపేది పాలకొల్లులో ఉండే లెక్కల మాస్టారు. ఆయన నెలకోసారి 'పని మీద' యానాం వస్తారు. మా దగ్గర మందు చవక. ఆ పనేంటో ఆయన సంచిలో సీసాల చప్పుడే చెబుతుంది కాబట్టి నేను అడగను.

కొత్త ఆల్బం శుక్రవారం పొద్దున విడుదలైంది. ఆ పూట ఎవరి ఇంజినూ ముట్టనని ముందే చెప్పేశాను. తలస్నానం చేసి ఉతికిన చొక్కా వేసుకుంటుంటే మా ఆవిడ గుమ్మంలో నిలబడి నవ్వింది.

"ఏంటండీ, పెళ్లిచూపులకి బయల్దేరినట్టున్నారు?"

"నీకు తెలియదులే" అన్నాను.

షెడ్డులో నేనే చెక్కతో కట్టుకున్న స్పీకరు పెట్టె ఉంది. లావు చప్పుళ్లకు ఒక పెద్ద కోను, సన్నని చప్పుళ్లకు ఒక చిన్న కోను. దాని ముందు బల్ల వేసుకుని కూర్చుని, ఎనిమిది పాటలూ వరసగా విన్నాను.

గొంతు బాగుంది. కాస్త వయసు తగిలి ఇంకా బాగుంది. గిటారు ఎప్పటిలాగే ఉంది. కానీ పాటలన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టున్నాయి. రెండో పాట మరీ అన్యాయం. గాయకుడు నాలుగు మాటలు అని ఆగుతాడు, ఆ ఆగిన చోట ఏమీ లేదు, మళ్లీ నాలుగు మాటలు. పాట నిండా గుంటలే. నా డ్రమ్మరు ఏడి? డ్రమ్ములు దబదబమంటున్నాయి కానీ ఆ తుంపర లేదు. మళ్లీ పెట్టాను. లేదు. ఆరేళ్లు ఎదురుచూసింది దీనికా అని నిజంగా ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది. నాకెప్పుడూ అంతే.

గ్రూపులో రాశాను: "డ్రమ్మరుకి బద్ధకం వచ్చేసింది. సింబల్స్ అటక మీద పెట్టి మర్చిపోయినట్టున్నాడు." మాస్టారు వెంటనే జవాబిచ్చారు. "అదేంటండీ, ఈసారి అతనే కదా ఆల్బమంతా మోసింది! మీరు సరిగ్గా విన్నారా?" నన్నా విన్నారా అని అడిగేది! ఒళ్లు మండిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది. తిన్నగా ఆ డ్రమ్మరు పేజీకే వెళ్లి అందరూ చూసేలా రాశాను: "చేతులు నొప్పులు పుడితే ఇంట్లో కూర్చోవయ్యా. మా ఆరేళ్లూ వృథా చేశావు."

సాయంత్రానికి అతని జవాబు వచ్చింది. "రెండో పాటంతా సింబల్స్ మీదే కట్టాను అన్నా. ఇంకోసారి వినండి." అంత మర్యాదగా చెప్పేసరికి నాకు ఇంకా మండింది.

నేను మెకానిక్కుని. అనుమానం వస్తే పరీక్ష చేసి తేల్చుకుంటాను. అదే పెట్టె మీద పాత ఆల్బం పెట్టాను. సింబల్స్ ఖణేల్మని మోగాయి, ఒక్కటి కూడా పోలేదు. ఇంకేముంది? పెట్టె బాగుంది, చెవి బాగుంది, లోపం కొత్త ఆల్బంలో ఉంది. ఏ ఇంజిను దగ్గరైనా నేను చేసే లెక్క ఇదే. ఇన్నేళ్లలో ఒక్కసారి తప్పలేదు.

నాలుగు రోజుల తరవాత షెడ్డు అరుగు మీద మా ఆవిడ రొయ్యలు వలుస్తోంది. ఆమెకి మా బ్యాండు అంటే సరదా లేదు. "గోల" అంటుంది. కొత్త ఆల్బంకి ఇంకో అవకాశం ఇద్దామని ఆ రెండో పాట పెట్టాను. సగంలో ఆమె చేతులు ఆగాయి.

"ఈ పాట బాగుందండి."

"ఏం బాగుంది దీని మొహం?"

"అతను ఆగినప్పుడల్లా చిస్సుమని మోగుతోంది చూడండి, అది. ఇదిగో... ఇదిగో, మళ్లీ."

నేను చెవులు రిక్కించాను. ఏమీ లేదు. ఆటపట్టిస్తోందనుకున్నాను. మా ఆవిడకి ఆ అలవాటుంది. అయినా మనసులో ముల్లు గుచ్చుకుంది. ఒకవేళ పెట్టెలోనే ఏదైనా వదులైందేమోనని మర్నాడు దాని వెనక చెక్క ఊడదీసి, తీగలన్నీ ఒకటొకటిగా తీసి, తుడిచి, మళ్లీ తగిలించాను. మధ్యలో ఎవరో ఇంజిను తెస్తే చూసి పంపించాను. తిరిగొచ్చి పాత ఆల్బం పెట్టాను. సింబల్స్ శుభ్రంగా మోగుతున్నాయి. "చూశావా, పెట్టె లక్షణంగా ఉంది" అని లోపలికి కేకేశాను.

ఆమె తడిచేతులు చీర కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "ఇవాళ ఆ చిస్సుమనేది లేదేంటండీ?"

"ఇది పాత పాటే! ఇందులో బ్రహ్మాండంగా మోగుతోంది కదా. నీకు చెవుడు గానీ వచ్చిందా?"

"రోజూ మీరు పెడుతుంటే వింటూనే ఉన్నాను కదండీ. ఇవాళ లేదు."

నాకు నవ్వొచ్చింది. మూత బిగించడానికి పెట్టె తిప్పాను. చిన్న కోనుకి వెళ్లాల్సిన తీగ బయట వేలాడుతోంది. తగిలించడం మర్చిపోయాను.

పాట ఇంకా నడుస్తోంది. సింబల్స్ మోగుతూనే ఉన్నాయి. ఆ తీగ లేకుండా ఆ పెట్టెలోంచి అంత సన్నని చప్పుడు వచ్చే దారే లేదు. నేను కట్టిన పెట్టె కదా, నాకు తెలియదా? తీగ చేత్తో పట్టుకుని తగిలించాను. తీశాను. మళ్లీ తగిలించాను. నా చెవికి తేడా లేదు. తగిలించినప్పుడల్లా మా ఆవిడ "ఆఁ, ఇప్పుడుంది" అంటోంది, తీసినప్పుడల్లా "పోయింది" అంటోంది. అయిదారుసార్లు అయ్యాక ఆమె చెప్పడం మానేసి నా మొహంలోకి చూసింది.

పాత పాటల్లో నేను వింటున్నది పెట్టెలోంచి వచ్చేది కాదు. ఇరవయ్యేళ్లుగా బుర్రలో నాటుకుపోయింది. కొత్త పాటల్లో గుర్తు తెచ్చుకోవడానికి నాకు ఏమీ లేదు. అందుకే అవి గుంటలయ్యాయి.

పోయిన నెల ఒక పడవ యజమాని వచ్చి "ఇంజిను ఈల వేస్తోందండి, గాలి ఎక్కడో లీకవుతోంది" అంటే, నేను విని "ఏ ఈలా లేదు, పొండి" అని కసిరి పంపేశాను. ఆయన ఇంకో చోట చేయించుకున్నాడని విని నాకు పౌరుషం కూడా వచ్చింది. అది ఇప్పుడు గుర్తొచ్చేసరికి తల కొట్టేసినట్టయింది. ఈ చెవి పాట వినడానికే కాదు, నా కూడు పెట్టేదీ ఇదే.

రాజమండ్రిలో చెవి డాక్టరు గారు నన్ను గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశారు. చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు నేను ఊరికే కూర్చున్నాను. చప్పుడు రావడం లేదనుకున్నాను. బయటికొచ్చాక డాక్టరమ్మ కాగితం మీద నా వినికిడి గీత చూపించారు. సగం దాకా తిన్నగా వెళ్లి, సన్నని చప్పుళ్ల దగ్గర గోతిలో పడ్డట్టు దిగిపోయింది. "ఇంజిన్ల దగ్గర చెవులకి ఏమైనా పెట్టుకునేవారా?" అని అడిగారు. పెట్టుకుంటే ఇంజిను ఎలా వినపడుతుందండి అన్నాను. పోయింది తిరిగి రాదన్నారు. చెవికి మెషీను పెట్టుకుంటే మాటలు వినడం తేలికవుతుంది కానీ, అంత సన్నని చప్పుళ్లు దాదాపు లేనట్టేనన్నారు. ఉన్నదాన్ని కాపాడుకోమన్నారు. బస్సులో వచ్చేటప్పుడు మా ఆవిడ ఏదో మాట్లాడుతూనే ఉంది. ధవళేశ్వరం దాటేదాకా నేను ఆమె వైపు తిరగలేదు.

ఇంజిను లావు కొట్టుడు నాకు ఇంకా వినపడుతుంది. సన్నని ఈలల కోసం మాత్రం ఇప్పుడు పడవ వాళ్లనే అడుగుతున్నాను. "ఏమన్నా కూస్తోందా చూడండి, నాకు వినపడదు" అని మొదటిసారి అనడానికి నోరు రాలేదు. విన్నాయన నవ్వలేదు. వంగి చెవి పెట్టి, "ఇక్కడండి" అని వేలు పెట్టి చూపించాడు.

డ్రమ్మరుకి కూడా రాశాను. నేను తిట్టిన చోటే, అందరూ చూసేలాగే. "తప్పు మీ చేతులది కాదండి, నా చెవులది. పరీక్ష చేయించుకున్నాను. మీరు వాయించింది నాకు వినపడదు. క్షమించండి." అతను విడిగా జవాబిచ్చాడు. "నాకూ కుడి చెవిలో ఎప్పుడూ హోరేనన్నా, మా పనిలో అందరికీ ఇంతే. మీకు కావాలంటే రెండో పాటలో ఎక్కడెక్కడ ఏం పడుతుందో కాగితం మీద రాసి పంపిస్తాను."

అది చదివి వినిపిస్తే మా ఆవిడ మూతి తిప్పింది. "రాయడం ఎందుకండీ? నేను లేనూ?"

ఆ ఆదివారం మధ్యాహ్నం నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుని నా మణికట్టు పట్టుకుంది. రెండో పాట పెట్టాను. మోగిన చోటల్లా వేలితో తట్టింది. గుంటలనుకున్న చోట్లన్నీ నిండుగా ఉన్నాయి. గాయకుడు ఆగిన ప్రతిసారీ ఆమె వేలు రెండు రెండుగా, తేలిగ్గా పడుతోంది. చరణం చివర ఒక్కసారే గట్టిగా నొక్కి, వేలు ఎత్తకుండా ఉంచింది. "ఇక్కడ ఒక్కటి కొట్టి వదిలేశాడండి. ఇంకా మోగుతోంది... ఇంకా... ఆఁ, పోయింది." ఇంత పని చేసినవాణ్నా నేను బద్ధకస్తుడన్నాను! సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె చూడకుండా కళ్లు తుడుచుకుందామంటే చెయ్యి ఆమె పట్టులో ఉంది.

తరవాత రోజూ భోజనం ముందు ఒకసారి అదే పని. 'గోల' అన్న మనిషి ఇప్పుడు గిన్నెలు తోముతూ ఆ పాట కూనిరాగం తీస్తోంది. పది రోజులయ్యాక ఒక మధ్యాహ్నం పాట సగంలో ఉండగా పొయ్యి మీద పులుసు పొంగింది. నా చెయ్యి వదిలేసి లోపలికి పరుగెత్తింది. నేను పాట ఆపలేదు. కళ్లు మూసుకుని కూర్చున్నాను. గాయకుడు నాలుగు మాటలు అని ఆగాడు.

మోగింది. సన్నగా, రెండు రెండుగా, రేకుల మీద తుంపరలాగే. మళ్లీ ఆగాడు, మళ్లీ మోగింది.

పాట అయ్యాక కళ్లు తెరిస్తే ఆమె గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. నా మోకాలి వంక చూస్తోంది. నా వేలు దాని మీద తడుతున్న సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

"ఎన్ని తప్పాయి?" అన్నాను.

"ఒక్కటీ తప్పలేదండి" అంది. గరిటెతో నా వేలు చూపిస్తూ మెల్లగా అంది: "అతను ఎప్పుడో ఆపేశాడు. మీరే ఇంకా కొడుతున్నారు."