మా ఆవిడ పేరు మీద నేను పెట్టిన సంతకం

ఒక్క సంతకంతో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను మీరు చూసే ఉంటారు. పొలం పోగొట్టుకున్నవాళ్లనూ చూసి ఉంటారు. పెళ్లాం పేరు పోగొట్టుకున్న మహానుభావుణ్ణి చూడాలంటే మాత్రం హైదరాబాద్ అశోక్‌నగర్ రావాలి. వచ్చారు గనుక కూర్చోండి, నా పరువు నేనే తీసుకుంటాను.

2011లో మాకు అక్కడ 'సుగుణక్క మెస్' ఉండేది. సుగుణ నా భార్య. వంట ఆమెది, పేరు ఆమెది. నాది గల్లాపెట్టె దగ్గరి కుర్చీ, ఆగని నోరు. గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లలు మధ్యాహ్నం మెట్ల దాకా వరస కట్టేవాళ్లు.

ఒకరోజు నారాయణగూడ నుంచి శ్రీధర్ అనే ఆయన వచ్చి భోంచేసి, పప్పుచారు మూడుసార్లు పోయించుకున్నాడు.

"అన్నా, మీ పేరు మీద మా దిక్కు గూడ ఒక మెస్ పెడ్త. ఫ్రాంచైజీ అంటరు. పేరు మీది, కష్టం నాది" అన్నాడు.

ఫ్రాంచైజీ అనే మాట వినగానే నా చొక్కా బిగుతయింది. వారం తిరక్కుండా ఆయన ఆరు పేజీల ఇంగ్లీషు అగ్రిమెంటు తెచ్చి చేతిలో పెట్టాడు.

"చిక్కడపల్లిల లాయరమ్మ ఉంది గద, మన దగ్గరనే క్యారేజీ కట్టించుకుంటది. జర ఆమెకు చూపియ్యి" అంది సుగుణ.

"లాయర్లకు చూపిస్తే లేని తగాదా పెడ్తరే. మన దగ్గర తినేటోళ్లంత రాజ్యాంగం బట్టీ కొట్టినోళ్లు. వాళ్లకన్న పెద్ద లాయర్లు ఎవరు?"

నవ్వకండి. అప్పట్లో నేను దీన్ని తెలివే అనుకున్నాను.

నాలుగేళ్లుగా అవే పరీక్షలకు చదువుతున్న లక్ష్మణ్ ముందు కాగితాలు పెట్టాను. అతను సాంబారు వేళ్లతోనే తిప్పాడు.

"ఆర్టికల్ పందొమ్మిది ప్రకారం ఏ వ్యాపారమైన చేసుకునే హక్కు మనకుంది అన్నా. నీ పేరును ఎవ్వడు ఏం చెయ్యలేడు."

"మరి ఐదో పేజీల ఏందో గట్టి ఇంగ్లీషు ఉంది?"

"అది సిలబస్‌ల లేదన్నా."

పక్క బల్ల దగ్గర ఇద్దరు చేతులు కడుక్కోకుండా ప్రాథమిక హక్కుల మీద అరగంట వాదించుకున్నారు. అంత పాండిత్యం నా మెస్‌లోనే ఉండగా ఇక భయమెందుకు? సంతకం పెట్టేశాను. ఫీజు కింద లక్ష్మణ్‌కు గడ్డపెరుగు వేయించాను.

ఎనిమిది నెలలకు శ్రీధర్ నుంచి నోటీసు వచ్చింది. 'సుగుణక్క మెస్' అనే పేరు ఇకమీదట మేము వాడకూడదట! చెప్పులు కూడా చూసుకోకుండా చిక్కడపల్లి పరుగెత్తాను. లాయరమ్మ ఐదో పేజీ చదివి కళ్లజోడు తీసింది.

"పేరు మీదున్న హక్కులన్ని శాశ్వతంగ ఆయనకే రాసిచ్చిన్రు. ట్రేడ్‌మార్క్‌కు గూడ ఆయననే దరఖాస్తు పెట్టిండు. సంతకానికి ముందు తెస్తే ఒక్క పేరా కొట్టేయించేదాన్ని గద అన్నా!"

"ఇప్పుడేం చెయ్యాలె మేడమ్?"

"కోర్టుకు పోవచ్చు, ఏండ్లు పడ్తది. లేకుంటే ఆయనతోని మాట్లాడి చూస్త."

మాట్లాడింది. శ్రీధర్‌ది పెద్ద మనసు. పేరు వాడుకోనిస్తాడట, కాకపోతే మా మెస్ తన మెస్‌కు బ్రాంచిగా ఉండాలట.

"వద్దు. వేరే పేరు పెడ్దాం. వండేది నేనే గద" అంది సుగుణ.

పేరు మారిస్తే పిల్లలు రారని నాకు భయం. ఆమె మాట మళ్లీ కాదని, మళ్లీ సంతకం పెట్టాను. బోర్డు మీద ఆమె పేరు కింద 'అశోక్‌నగర్ బ్రాంచి' అని రాయించాం. పిల్లలు వచ్చారు. సుగుణే నాతో మాట్లాడటం మానేసింది.

ఒక మధ్యాహ్నం పక్క హాస్టల్‌లో కొత్తగా చేరిన అమ్మాయి, "సుగుణక్క అంటే మీరేనా అక్కా?" అని అడిగింది.

"కాదు బిడ్డా," అంది సుగుణ, వడ్డన ఆపకుండానే. "ఆమె నారాయణగూడల ఉంటది. నేను బ్రాంచిని."

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, మీ అందరి సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. లాయరు చదవనిదే గ్యాస్ బండ రసీదు మీద కూడా సంతకం పెట్టను. ఈ ఒట్టు నిలబెట్టుకోవడం పెద్ద కష్టమేమీ కాదు లెండి. రాసివ్వడానికి నా దగ్గర ఇంకేమీ మిగల్లేదు.