ఇసుకబల్లికి వేసిన ముగ్గు

ఇసుకబల్లి కబురు మా ఇంటికి మొదట మోసుకొచ్చింది మా ఆటోబావ. (చుట్టరికం ఏమీ లేదు. అవనిగడ్డ నుంచి హంసలదీవి దాకా ఆటో తోలే ఆయన్ని దారి పొడుగునా అందరూ బావ అనే పిలిచేవాళ్ళు.) ఆ రోజుల్లో మా వాకిట్లోకి పేపరు కన్నా ముందు ఆయన హారనే వచ్చేది. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్ళు. చిన్నప్పటి ఉబ్బసం వల్ల బడి గడప తొక్కలేదు. నాయనమ్మే పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి, వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించింది. ఊపిరి భగవంతుడిచ్చాడు, చదువు ఆవిడ ఇచ్చింది. ఆ రెంటికీ ఇప్పటికీ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాను.

"మరదలా, నీకు ఉద్యోగం తెచ్చాను," అన్నాడు బావ. "బందరు మేడమ్ గారు ఒకావిడ ఎడారిలో చిన్న బల్లుల వెంట తిరిగొచ్చారు. వాటి చుట్టం ఒకటి మన ఇసుక దిబ్బల్లోనూ ఉందేమో చూడాలట. రాయడం వచ్చిన మనిషి కావాలట."

"మా పిల్లకి రాయడం వచ్చు. బల్లే రావాలి," అంది నాయనమ్మ.

మర్నాడు మేడమ్ గారే వచ్చి మా అరుగు మీద కూర్చుని చెప్పారు. అది చిటికెన వేలంత కూడా ఉండదట. కాలివేళ్ళకి ఇంటిబల్లికుండే మెత్తలు లేవు గనుక గోడెక్కలేదు. కంటికి రెప్పల్లేక నాలుకతోనే కళ్ళు తుడుచుకుంటుంది. పగలంతా ఇసుకలో చెమ్మ తగిలేదాకా బొరియ తవ్వుకుని పడుకుని, ఎండ పోయాక చీమలకోసం బయటికొస్తుంది. దాహమేస్తే గడ్డి మీది మంచు నాకుతుంది. నాయనమ్మ అంతా విని, "గోడెక్కదంటే నెత్తిన పడదన్నమాట. మంచి జీవం," అని సర్టిఫికెట్ ఇచ్చేసింది.

నా పని సులువే. సరుగుడు తోట వెనక దిబ్బ మీద, తాడు కట్టిన నాలుగు గళ్ళలో ఇసుకని సాయంత్రం చీపురుతో చదును చేయాలి. రాత్రి బల్లి నడిస్తే గుర్తులు పడతాయి. పొద్దున్నే మేడమ్ గారు వచ్చి చూస్తారు, నేను పుస్తకంలో రాయాలి. వారం లోపల గుర్తు కనబడితే పని సాగుతుంది, లేకపోతే ఆవిడ ఈ తీరాన్ని వదిలేసుకోవాలి, నా మొదటి ఉద్యోగమూ అంతే. ఆరు రోజులు వరసగా నా గుండ్రటి అక్షరాల్లో రాశాను: "ఏమీ లేదు. శుభ్రంగా ఉంది."

శుభ్రంగా ఎందుకుండదు? పెద్దావిడ బస చేసిన అవనిగడ్డ నుంచి అంత దూరం వస్తుంటే, ఊడవని చోట నిలబెట్టడమేమిటని, ఆటో రాకముందే పరుగున వెళ్ళి నేను మళ్ళీ ఊడ్చేసేదాన్ని. (ఎవరూ చెప్పలేదు. మంచి పిల్లనని నా నమ్మకం.)

ఆరో రోజున మేడమ్ గారు నీరసంగా, "రేపొకసారి చూసి వెళ్ళిపోతానమ్మాయ్," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆ సాయంత్రం ఇసుక చదును చేశాక, వెళ్ళే మనిషికి మర్యాదగా ఒక గడిలో ముగ్గు వేద్దామనుకున్నాను. రాతిపిండి డబ్బా తీస్తే నాయనమ్మ లాక్కుని బియ్యప్పిండి చేతిలో పెట్టింది. "ముగ్గంటే మన కళ్ళకేనా? చీమలు కూడా నాలుగు మెతుకులు తినొద్దూ?"

తెల్లారి అలవాటుగా చీపురు పట్టుకుని గుమ్మం దాటబోతే మళ్ళీ నాయనమ్మే అడ్డం. "ఊరికెళ్ళే మనిషి ఎదురుగా చీపురేమిటే? అక్కడ పెట్టు." పెట్టేశాను. ఊడవని ఇసుకని మేడమ్ గారికెలా చూపించాలా అని సిగ్గుపడుతూ, ఆటో దిగిన ఆవిడ వెనకే దిబ్బ మీదికి నడిచాను.

ఆవిడ ముగ్గు దగ్గర ఆగి, మోకాళ్ళ మీద కూర్చుండిపోయారు. చుక్కల చుట్టూ చీమల బారులు. ఆ బారుల పక్కన ఆవగింజలంత పాదాల గుర్తులు, మధ్యలో దారప్పోగులా తోక గీత. అది ఒక్కో చుక్క దగ్గరా ఆగి, భోజనం చేసి, గడ్డి దుబ్బు కింది బొరియలోకి వెళ్ళింది. మేడమ్ గారు చెంచాతో మెల్లగా ఇసుక తీస్తే, ఇసుక రంగులోనే ఉన్న ఒక చిన్న ప్రాణి మమ్మల్ని చూసి తీరిగ్గా కన్ను నాక్కుంది.

"ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయిందే ఇది?" అన్నారావిడ.

అబద్ధం నోట రాలేదు. "రోజూ వచ్చే ఉంటుందండీ. మీరొచ్చేలోపు నేనే ఊడ్చేదాన్నండీ."

"ఆరు రోజులూనా?"

"ఆరు రోజులూనండీ. మూలలు రెండేసి సార్లు."

దూరాన ఆటోలో కూర్చున్న బావకి కూడా వినిపించేలా నవ్వారు. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు సరికదా, రెండేళ్ళు ఉంచుకున్నారు. ఆవిడ రాసిన పుస్తకం చివర కృతజ్ఞతల్లో నా పేరుంది. నాయనమ్మ పేరు లేదు, చెప్పడం నాకప్పుడు తట్టలేదు.

ఇప్పుడు గుడివాడలో మా ఫ్లాటు గుమ్మానికి స్టిక్కర్ ముగ్గు అంటించాను. చెరగదు, తుడవక్కర్లేదు, ఒక్క చీమ కూడా తొంగిచూడదు. ఆ మంచి పిల్లే పెద్దదై ఇంకా శుభ్రంగా ఊడ్చేస్తోందని నవ్వొస్తుంది. మీరెప్పుడైనా పిండితో ముగ్గు వేస్తే, ఒక చుక్క దగ్గర మా నాయనమ్మని తలుచుకోండి.