అరచెయ్యి అడ్డం పెట్టుకునే డ్రైవరు

సౌదీలో, దమ్మామ్‌లో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి దగ్గర కొన్నాళ్ళున్నాను. తనను ఆసుపత్రిలో దింపే డ్రైవరు కరీంనగర్ వైపు మనిషి. మాట్లాడితే నోటికి అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. మర్యాద అనుకున్నాను. కాదు, వాసన దాచుకోవడానికి! అక్కడ మందు అమ్మరు. ద్రాక్షరసంలో ఈస్టు కలిపి, నీళ్ళడబ్బాలో పులియబెట్టుకుని తాగేవాడు. పిల్లలు తాగే రసాన్ని అలా పాడుచేస్తుంటే నాకు అసహ్యం వేసేది.

"పోలీసులకు దొరికితే జైలే. ఈ దరిద్రం మానవా?" అన్నాను.

"మానాలనే ఉందమ్మా. ఒక్కనితోని అయితలేదు," అన్నాడు, చెయ్యి తియ్యకుండానే.

మానాలనుకునేవాళ్ళు శుక్రవారాలు ఒక ఇంట్లో గుట్టుగా కలుస్తారని అమ్మాయి వాకబు చేసి చెప్పింది. ఆ ఇల్లు కుటుంబాలుండే కాంపౌండులో ఉంది. ఒంటరి మగవాడని వీణ్ణి గేటు దాటనివ్వక తిప్పి పంపేశారు.

"ఫ్యామిలీ ఉంటేనే ఇడుస్తరట. జర మీరు కార్ల కూసోండమ్మా," అని బతిమాలాడు.

అమ్మాయికి డ్యూటీ. చీదరించుకుంటూనే ఎక్కాను. కారు నిండా పులిసిన కంపు.

గేటు దగ్గర పాకిస్తానీ కాపలావాడు వంగి చూసి, "అమ్మాజీ, యే కౌన్ హై?" అన్నాడు.

"మేరా బేటా," అన్నాను. గేటు తెరిచాడు.

తీరా ఆ ఇంటి ముందుకొచ్చాక వీడు దిగడే! "సిగ్గయితాందమ్మా."

"తాగేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడెక్కణ్ణుంచొచ్చిందిరా? దిగు!"

దిగాడు. లోపలికి వెళ్ళాడు.

తాగుబోతును కొడుకన్నందుకు ఇంటికొచ్చి ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించాను. పై శుక్రవారం గేటు దగ్గర మళ్ళీ అదే అబద్ధం చెప్పాను.