బోణీకి పెట్టించిన సర్వరు

పాలకొల్లు బజారులో నా అంత చవగ్గా సర్వరు పెట్టించుకున్నవాళ్లు లేరు. ఈ మాట చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. చెప్పిన ప్రతిసారీ లోపల ఏదో బరువు ఒక పక్కకి ఒరిగేది, బస్తాలు సరిగా సర్దని రిక్షాలాగా. ఇవాళ దింపేస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెల్లుకు చెల్లు.

మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్ల మెడికల్ షాపులకి సరుకు మా దగ్గర నుంచే వెళుతుంది. నాన్న పక్కన గల్లాపెట్టె దగ్గర కూర్చుని పెరిగినదాన్ని. చెప్పిన ధరకి ఏదైనా కొన్నానంటే ఆ పూట నాకు అన్నం సయించదు.

బిల్లింగు కంప్యూటర్లు ఐదయ్యాక, వాటన్నిటినీ కలిపి నడపడానికి ఒక సర్వరు కావాల్సి వచ్చింది. పెట్టె కొనడం తేలికే. అందులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ వెయ్యాలన్నదే తేలాలి. సరిగ్గా అప్పుడే ప్రభాకర్ అనే అతను మా వీధి చివర కంప్యూటర్ల షాపు తెరిచాడు. పాస్టరుగారు ప్రార్థన చేసి అలా వెళ్లారో లేదో, నేను మెట్లెక్కాను. అనుకోకుండా వెళ్లలేదు. కొత్త షాపులో మొదటి బేరాన్ని ఎవరూ వెనక్కి పంపరు. అది తెలిసే వెళ్లాను.

“రెండు దార్లున్నాయండి అక్కగారూ,” అన్నాడు. “లైసెన్సు కొని విండోస్ వేయించుకోవచ్చు. లేదంటే లినక్స్, అది ఊరికే వస్తుందండి. కాకపోతే మీ బిల్లింగు ప్రోగ్రాం మార్చాలి, మీవాళ్లకి ఓ వారం నేర్పాలి. ఆ నేర్పడమేదో నేను చూసుకుంటాను.”

“ఊరికే వచ్చేదాన్ని నేనేం బేరమాడనయ్యా?”

నవ్వాడు. వేళాకోళం అనుకున్నాడు పాపం. కాదు. నాకు నిజంగానే నచ్చలేదు. ధరే లేనిదాంట్లో తగ్గించడానికేముంది? గెలవడానికి అవతల ఎవరున్నారు?

“విండోసే వెయ్యి. లైసెన్సు మాట ఎత్తకు. దొంగ కాపీ ఉంటుందటగా, అది వేసెయ్యి.”

“వద్దండి. దానికి అప్‌డేట్లు రావు. ఎవడో తాళం పగలగొట్టిన తలుపండి అది. మీరు గడియ పెట్టుకున్నా ఒకటే, పెట్టుకోకపోయినా ఒకటే.”

“సరే, వస్తాను మరి.”

చేతిసంచి తీసుకుని లేచాను. గుమ్మం దాకా నెమ్మదిగా నడిచాను. ఎదుటి కొట్లవాళ్లందరూ చూసేంత నెమ్మదిగా.

“మాకు బోణీ పట్టింపు లేదండి,” అన్నాడు వెనకనుంచి, గొంతు తగ్గించి. “వీధికి ఉంది కదండీ. మొదట వచ్చిన మీరే ఉత్త చేతులతో దిగితే, ఈ మెట్లు ఇంకెవరెక్కుతారు? కూర్చోండి.”

కూర్చున్నాను. సర్వీసు చార్జీ కూడా సగానికి తెగ్గొట్టాను. ఆ రోజు ఇంటికి వెళ్లేటప్పుడు నా నడక చూడాలి మీరు.

ఏడాది తిరిగాక ఒక పొద్దున ఐదు తెరల మీదా ఒకటే ఇంగ్లీషు నోటీసు. మీ ఫైళ్లకి తాళం వేశాం, డబ్బు కడితే తీస్తాం అని. ఏ మందు ఏ అలమరలో ఉందో, దేని గడువు ఎప్పుడు తీరుతుందో, ఏ షాపు ఎంత బాకీయో, ఏదీ కనపడదు. ప్రభాకర్ పరిగెత్తుకొచ్చి సర్వరు ముందు కూర్చున్నాడు. సరుకు కోసం వచ్చిన షాపులవాళ్లు, పక్క కొట్ల వ్యాపారులు చుట్టూ మూగారు.

“ఎవరు వేశారమ్మా దీంట్లో ఇదంతా?” అని ఎవరో అడిగారు.

“ప్రభాకరేనండి,” అన్నాను.

అంతే. అందులో అబద్ధం ఉందా? వెతకండి, దొరకదు. నేనే వేయించానన్న ముక్క ఒక్కటే మింగాను. అతను తల తిప్పి నా వైపు చూశాడు. మళ్లీ సర్వరు వైపు తిరిగాడు. ఏమంటాడు? ఈవిడ అడిగితే దొంగ కాపీ వేశానండి అనాలి. అన్నా మునుగుతాడు, అనకపోయినా మునుగుతాడు. ఈ లెక్క నాకు తర్వాతెప్పుడో తట్టిందని చెబితే మీరు నమ్ముతారు. కానీ ముందే తట్టింది. అతను నోరు మెదపలేడని చూసుకుని మరీ ఆ పేరు చెప్పాను. అవతలి మనిషి ఎక్కడ ఇరుక్కున్నాడో కనిపెట్టడమే కదా, చిన్నప్పటి నుంచీ నేను నేర్చుకున్న విద్య.

ఒక్కొక్క కొట్టూ అతన్ని పిలవడం మానేసింది. వానాకాలం దాటకుండానే షాపు మూతపడింది. ఇప్పుడు రాజమండ్రిలో ఎవరి దగ్గరో జీతానికి చేస్తున్నాడట. వెళ్లి చెప్పొచ్చుగా అంటారు మీరు. చెప్పొచ్చు. క్షమించమని అడిగినా నా నోట్లోంచి అది ‘ఎంతకిస్తావు’ అన్నట్టే వస్తుందని నా భయం. అది నిజంగా భయమా, వెళ్లకుండా ఉండటానికి నాకు నేను చెప్పుకున్న సాకా? సాకే అయ్యుంటుంది. ఏదైనా సరే, అడగను. అతన్నీ అడగను, మిమ్మల్నీ అడగను. బేరాలు కూడా మానలేదు, మానను. తప్పు చేసింది బేరం కాదు, నేను.

ఆ తర్వాత సర్వరులో ఏం వేయించానో చెప్పనా? లినక్స్. వేరే మనిషిని పిలిపించాను. మావాళ్లు వారంలో నేర్చుకున్నారు, ప్రభాకర్ చెప్పినట్టే. ఇన్నేళ్లలో ఒక్క పూట మొరాయించలేదు. ఎవరైనా మెచ్చుకుంటే, ఏరికోరి నేనే ఎంచానండి అనేదాన్ని. ఇక అనను.

ఇక బిల్లు. విండోస్ లైసెన్సు, కొనలేదు. లినక్స్, ఊరికే వచ్చింది. పోయిన లెక్కలు షాపులవాళ్లే తమ దగ్గరున్న బిల్లులు తెచ్చి తిరిగి రాయించారు, పెద్ద నష్టమేం లేదు. సర్వీసు చార్జీ, సగం. ప్రార్థన చేయించి తెరిచిన కొత్త షాపు ఒకటి, బోర్డుతో సహా, పూర్తి ధర.

అది ప్రభాకర్ కట్టాడు.