రేకుకు అవతల నాయన

మా చిన్నప్పుడు... ఆళ్లగడ్డలో ఆదివారం వచ్చిందంటే మా వ్యాను పొట్టలోకి దూరడమే నా పని. నాయన ఆ బండిలో నంద్యాలకు అరటిగెలలు తోలేవాడు. గెలల నీరు కారి కారి పక్క రేకులు తుప్పు పట్టేవి... వేలు పెడితే పొలుసులుగా రాలేవి.

షెడ్డుకిస్తే వారం రోజులు బండి ఆగిపోతుందని ఇంటి ముందే బాగు చేసుకునేవాడు. తుప్పు గీకి, కుళ్లిన చోట కత్తిరించి, పాత డ్రమ్ము రేకుతో అతుకు పెట్టి రివిట్లు కొట్టేవాడు.

రివిట్ కొట్టాలంటే ఇద్దరుండాలి. లోపల నేను రివిట్ తలను ఇనుపదిమ్మెతో అదిమి పట్టాలి... బయట నాయన సుత్తితో కొట్టాలి. నేను వదిలితే అది ఊడి నా ఒళ్లో పడేది. అందుకే ప్రతిసారీ ముందు అడిగేవాడు.

"ఉండావా పాపా?"

"ఉండా నాయనా!"

అమ్మ జ్వరంతో పోయిన ఏడాది అది. ఇంట్లో మేమిద్దరమే. నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టుండేవాడు నాయన. ముద్దలు కలిపి పెట్టేవాడు, జడ వంకరటింకరగా వేసేవాడు... మాట మాత్రం ఉండేది కాదు.

మధ్యలో రేకు అడ్డముంటే మాత్రం మనిషే వేరు. "బళ్లో ఎవురన్నా కొట్టినారా?" "రాత్రి అన్నం చాలిందా?" అన్నీ అప్పుడే అడిగేవాడు.

ఒకరోజు సుత్తి ఆగింది.

"అమ్మ గుర్తొస్తాందా పాపా?"

నాకు నిద్రలో కూడా అమ్మే... కానీ ఔనంటే నాయన ఏడుస్తాడేమోనని భయం. "లేదు నాయనా" అన్నా.

తర్వాత "సరేలే... దిమ్మె పట్టుకో" అన్నాడు. మళ్లీ ఎప్పుడూ అమ్మ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఒకే మనిషి కోసం ఒకే ఇంట్లో ఇద్దరం వేరువేరుగా ఏడ్చుకున్నాం.

నాయన పోయి రెండేళ్లు. వ్యాను ఇప్పుడు నంద్యాలలో మా ఇంటి పక్క సందులో ఉంది. "పాత ఇనుముకు ఏసెయ్ అక్కా, దీంతో ఏం పని నీకు?" అంటాడు పక్కింటి తమ్ముడు. "నా బండి, నా తుప్పు... నీకేందప్పా నొప్పి?" అన్నా.

మొన్న ఆదివారం అదే పక్క రేకుకు అతుకు వేశా. ఇప్పుడు రివిట్ గన్ వచ్చింది... బయటి నుంచే టక్కుమని బిగించేస్తుంది. లోపల మనిషి అక్కర్లేదు. ఒక్కదాన్నే గంటలో ముగించా. అంత తేలిగ్గా అయిపోయేసరికి ఏడుపొచ్చింది.

మీ ఇంట్లోనూ ఇద్దరుంటేనే అయ్యే పని ఏదైనా ఉండేదా? ఆ రెండో మనిషెవరో రాయండి... ప్రతిదీ చదువుతా. వాళ్లు ఇంకా ఉంటే, నాకు రాసే ముందు వాళ్లకో మాట చెప్పండి.

నేనైతే పని అయ్యాక వ్యానులోకి దూరి, పాత చోటే కూర్చుని, రేకుకు నోరు ఆనించి చెప్పా.

"అమ్మ గుర్తొస్తాంది నాయనా... రోజూ వస్తాంది."