సూర్‌లో ఒక పాఠకురాలు

2008లో మస్కట్‌లోని ఒక నర్సింగ్ కాలేజీ లైబ్రరీలో నేను సీరియల్స్ విభాగం చూసేదాన్ని. సీరియల్స్ అంటే జర్నల్స్. ఏవి తెప్పించాలి, ఏవి ఆపాలి, వచ్చినవాటిని చదివేవాళ్ళకు ఎలా అందించాలి, ఇదే నా ఉద్యోగం. లైబ్రరీ డబ్బు బయటి చదువును లోపలికి తెచ్చుకోవడానికేనని మేమంతా అనుకునే రోజులవి. అది అంతే కాదని నాకు తెలిసింది సుభాషిణి గారి వల్ల.

ఆవిడది కడప. మా కాలేజీలో కమ్యూనిటీ హెల్త్ చెప్పేవారు. చదువుకునే గదిలో కూడా గొంతు తగ్గించకుండా నవ్వే మనిషి. శుక్రవారం మస్కట్ శివార్లలోని సీబ్‌లో ఆవిడ ఫ్లాట్ నిండా మన ఆడవాళ్ళే ఉండేవారు. అరబ్బుల ఇళ్ళలో పనిచేసే కడప, గోదావరి జిల్లాల వాళ్ళు సెలవు దొరికితే వచ్చి, అన్నం తిని, ఊరికి ఫోన్లు చేసుకొని వెళ్ళేవారు. వాళ్ళ చేతులు చూసే ఆవిడకు పరిశోధన చేయాలనిపించింది. బ్లీచ్‌లో, సబ్బునీళ్ళలో రోజంతా నాని, వేళ్ళ సందులు పగిలి, చర్మం పొరలుగా లేచిపోయేది. అంటుకుంటుందేమోనన్న భయంతో కొందరు యజమానులు వాళ్ళను వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. ఇండియాకు తిప్పి పంపేసినవాళ్ళూ ఉన్నారు.

ఒక చర్మవైద్యుడిని తోడు తీసుకుని, ఆ స్త్రీలను ఒప్పించి, ఓపిగ్గా పరీక్షించి, అది అంటురోగం కాదని ఆవిడ వ్యాసం రాశారు. ఒక ఓపెన్ యాక్సెస్ జర్నల్ దాన్ని తీసుకుంది. ఆ రోజు నా బల్ల దగ్గరికి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చారు.

"వసుంధరా, ఒప్పుకున్యారు! అయితే లెక్క కట్టాలంట."

కడపవాళ్ళు డబ్బును లెక్క అంటారు. మామూలు జర్నల్‌కు చదివేవాళ్ళు చందా కట్టాలి. ఓపెన్ యాక్సెస్‌లో చదవడం అందరికీ ఉచితం, కానీ చాలాచోట్ల ప్రచురణ ఖర్చు రచయిత మీద పడుతుంది. పరిశోధనకు గ్రాంట్ ఉంటే అందులోంచి కట్టేస్తారు. ఆవిడకు గ్రాంట్ లేదు. సొంతంగా కట్టగలిగేంత చిన్న మొత్తమూ కాదు.

ముందు వేవర్ అడిగాం. అంటే ఫీజు మాఫీ. పేద దేశాల రచయితలకే ఇస్తాం, ఒమాన్ ఆ కోవలోకి రాదు అని మర్యాదగా జవాబిచ్చారు.

"నిజమే, ఒమాన్‌కేం తక్కువ? ఆ ఆడోళ్ళకు గదా తక్కువ," అన్నారు ఆవిడ.

ఫీజు లేని ఒక పేరున్న చందా జర్నల్‌కు పంపుకోమని వాళ్ళ విభాగాధిపతి సలహా ఇచ్చారు. అది మన లైబ్రరీకి వస్తుందా అని ఆవిడ అడిగితే వెతికి చూశాను. రాదు. చందా మా తాహతుకు మించినది.

"అంటే నేను రాసింది నేనే సూడలేను?"

"మనకు తెరుచుకోదండీ."

ఆవిడ కుర్చీలో కూలబడ్డారు. "మీ మేడమ్‌లకు సూపిచ్చుకునేట్టు రాస్తానని ఆ ఆడోళ్ళకు మాటిచ్చినా వసుంధరా. ఆ మాట మిందనే వాళ్ళు చేతులు సూపిచ్చినారు."

ఆ ఫీజు లైబ్రరీ డబ్బులోంచి కట్టొచ్చా అని మా లైబ్రరీ డైరెక్టర్ సలీం గారిని అడిగాను. ఆయన ఒమానీ, నెమ్మదస్తుడు. అంతా విని, "సిస్టర్, ఈ డబ్బు కొనడానికి ఇచ్చింది. కొన్నది అల్మరాలో కనపడాలి. ఇది ఏ అల్మరాలో పెడతావు?" అన్నారు.

సీటుకు తిరిగొచ్చి మా చందాలన్నీ ముందేసుకున్నాను. కొన్ని జర్నల్స్ ఆన్‌లైన్లోనూ వస్తున్నాయి, కాగితం ప్రతులూ వస్తున్నాయి. కాగితం ప్రతుల కవర్లు కూడా ఎవరూ చించడం లేదు. వాటిని ఆపి, మిగిలినదాన్ని రచయితల ఫీజుకు కేటాయిద్దామని లైబ్రరీ కమిటీ ముందు పెట్టాను. కాలేజీలో పనిచేసేవాళ్ళకే, వేరే గ్రాంట్ లేకపోతేనే, నిపుణులు పరిశీలించాకే అచ్చువేసే జర్నల్ అయితేనే ఇద్దామన్నాను.

"ఇవాళ ఒకరికి కడితే రేపు అందరూ వస్తారు," అన్నారు ఒక ప్రొఫెసర్.

సలీం గారు తల ఎత్తారు. "రానివ్వండి డాక్టర్. మనవాళ్ళు ఏమీ రాయడం లేదని పోయిన మీటింగ్‌లో బాధపడింది మీరే కదా!"

అందరూ నవ్వారు. ఆ ప్రొఫెసర్ కూడా నవ్వి ఒప్పుకున్నారు.

వ్యాసం వచ్చాక ఒక శుక్రవారం నేనూ సీబ్ వెళ్ళాను. సుభాషిణి గారు కంప్యూటర్ ముందు కూర్చొని తెలుగులో చెబుతుంటే ఆడవాళ్ళంతా మూగారు. లక్ష్మీదేవి అనే ఆవిడ మాత్రం తలుపు దగ్గరే నిలబడి ఏడుస్తోంది. ఆమె చెల్లెలు ఓబులమ్మ మస్కట్‌కు దూరంగా సముద్రం ఒడ్డున ఉన్న సూర్ పట్టణంలో ఒక టీచరమ్మ ఇంట్లో పని చేస్తోందట.

"చేతులకు రోగముండాదని పంపిచ్చేస్తారంట మేడమ్. టికెట్ గూడా తీస్తాండారంట. ఇది ఆ మేడమ్‌కు సూపిచ్చొచ్చా? లెక్క కట్టాల్నా?"

"ఏం కట్టక్కర్లేదమ్మా," అన్నాను.

ఆ పేజీ చిరునామా, లైబ్రరీ ఫోన్ నంబరు కలిపి ఓబులమ్మ ఫోన్‌కు మెసేజ్ పెట్టాం. దాన్ని మేడమ్‌కు చూపించమని లక్ష్మీదేవి ఫోన్‌లో చెప్పింది.

ఆ వారంలోనే నా బల్ల మీది ఫోన్ మోగింది. ఎవరో స్త్రీ, ఇంగ్లీషులో ఆచితూచి మాట్లాడుతోంది.

"సూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ పేజీ నన్ను పాస్‌వర్డ్ అడగలేదు. పొరపాటున తెరుచుకుందా?"

"పొరపాటు కాదు మేడమ్. అందరి కోసం తెరిచిందే. ప్రింట్ కూడా తీసుకోవచ్చు."

"మొత్తం చదివాను. ఇది అంటుకోదని ఉంది. నాకు చిన్న పాప ఉంది, అందుకే భయపడ్డాను. రాసినావిడతో మాట్లాడొచ్చా?"

సుభాషిణి గారిని పిలిపించి రిసీవర్ ఇచ్చాను. నూలు గ్లవ్స్ లోపల, రబ్బరువి పైన, బ్లీచ్ నీళ్ళు కలిపి పల్చన చేయాలి, రాత్రిపూట ఆయింట్‌మెంట్ అంటూ పాఠం చెప్పినట్టే చెప్పారు. ఫోన్ పెట్టేసి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "టికెట్ రద్దు చేస్తాదంట!"

సంగతి చెబితే సలీం గారు, "ఆవిడ మన లైబ్రరీ మెంబరా?" అని అడిగారు.

"కాదండీ."

"ఇకమీదట మెంబరనే అనుకో," అన్నారు.

తర్వాత చాలామంది రచయితలు ఫీజు కోసం నా దగ్గరికి వచ్చారు. జర్నల్ పేరు, గ్రాంట్ వివరాలు తర్వాత చూసేదాన్ని. ముందు కూర్చోబెట్టి ఒక్కటే అడిగేదాన్ని: ఇది ఎవరు చదవాలని రాశారు?