గే, దె... ఎనుము

ఆ రోజుల్లో మా పక్క ఏ బడి మంచిదో తేల్చడానికి పెద్ద ఆలోచనేమీ అక్కర్లేదు. పిల్లల మెడలో టై ఉంటే మంచి బడి, లేకపోతే లేదు. ఆ లెక్కన పెద్దముడియం దగ్గర మా ఊరి చర్చి బడిని ఎవరూ బడి కిందే జమకట్టేవారు కాదు. దానికి వేరే గదులు కూడా లేవు. ఆదివారం ప్రార్థన జరిగే చోటే మిగతా రోజుల్లో తరగతులన్నీ నడిచేవి. (పాస్టరుగారి బల్ల పక్కన ఒకటో తరగతి, తలుపు దగ్గర ఐదో తరగతి. చదువు పెరిగేకొద్దీ దేవుడికి దూరం జరుగుతారని మా అవ్వ ఎగతాళి చేసేది.) అందరికీ కలిపి ఒక్కరే టీచరమ్మ. ఆమెకొక అలవాటు. మనం ఏ మాట చదివినా అక్కడితో వదలకుండా "అంటే ఏందమ్మా?" అని అడిగేది. దాన్ని మన ఇంటి మాటలో చెప్తేనే చదివినట్టు లెక్క.

నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు ప్రొద్దుటూరు నుంచి మా మేనమామ వచ్చాడు. ఆయనకు అక్కడ బట్టల అంగడి, ఆయన కొడుక్కి మెడలో టై. భోజనం చేసి వక్క నములుతూ, "పాపను మా ఇంట్లో పెట్టుకోని కాన్వెంటులో చేర్పిస్తా బావా. ముందు ఈడ ఏం నేర్పించినారో సూద్దాం" అన్నాడు. నా తెలుగు వాచకం తెప్పించి బొమ్మల పేజీ తీసి, ఒక మాట కింద వేలు పెట్టాడు. నేను చేతులు కట్టుకుని, "గే... దె..." అని సాగదీసి, ఆ ఊపులోనే "ఎనుము" అన్నాను. గేదె అనేది మాకు పుస్తకంలోనే ఉండేది, కొట్టంలో ఉన్నదంతా ఎనుమే. మామకు నవ్వుతో పొట్ట కదిలిపోయింది. "బొమ్మ సూసి చెప్తాంది బావా. దీనికి అచ్చరాలే రావు" అన్నాడు. మామకు సరిగా వినపడలేదేమోనని నేను ఇంకా గట్టిగా చదివాను, మళ్ళీ అదే చదివాను. నాయన ముఖం చిన్నబోయింది. అమ్మ నా పావడాలు మడత పెట్టడం మొదలుపెట్టింది. అప్పుడుగానీ నాకు ఏడుపు రాలేదు. అమ్మను, టీచరమ్మను ఒకేసారి వదిలి పోవాలంటే నాకు ప్రాణం పోయినట్టే అనిపించింది.

మర్నాడు పొద్దున నన్ను బడి మాన్పిస్తున్నామని చెప్పడానికి నాయన నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. టీచరమ్మ అంతా విని, వాదించకుండా అదే పేజీ తీసి మా తరగతికి చూపించింది. అందరూ ఒక్క గొంతుతో "గే, దె, ఎనుము" అన్నారు. (దర్జీ సాయిబు కొడుకు మాత్రం చివర్న "భైంస్" అని కలిపాడు. వాళ్ల కొట్టంలో ఉన్నది అదే మరి.) నాయన తల గోక్కున్నాడు.

"గేదె అంటే ఈ పిల్లోళ్లకు ఏం తెలుస్తాదప్పా. అందుకే అర్థం గూడా చెప్పమంటాండా. వీళ్లు రెండూ కలిపేసినారు" అంది టీచరమ్మ. తర్వాత సుద్దముక్క నాయన చేతికిచ్చింది. "బొమ్మ లేకుండా మీరే ఒక మాట రాయండి. పాప సదవలేకపోతే తోలుకోని పోండి, నేను అడ్డం రాను."

నాయన సుద్దముక్క పట్టి ఎన్నేళ్లయిందో. పాపం, రాత్రి నుంచి ఆయన మనసులో ఒకటే మాట తిరుగుతున్నట్టుంది, అదే రాశాడు. అక్షరాల మీద కళ్లు పెట్టి "ఎ... ను... ము" అని చదివాను. టీచరమ్మ అలవాటుకొద్దీ "అంటే ఏందమ్మా?" అంది.

"గేదె" అన్నాను.

నాయన గోడకు ఆనుకుని కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా నేను అంతకుముందు చూడలేదు. తప్పు చదివాననుకుని నేను ఏడుపు లంకించుకున్నాను. నాయన నన్ను చంకనెత్తుకుని, తువ్వాలతో ముందు నా ముఖం, తర్వాత తన ముఖం తుడిచాడు. "ఏడవాకు. నువ్వు యాడికీ పోవు" అన్నాడు.

నేను ఐదో తరగతి దాకా, అంటే తలుపు దగ్గరికి చేరేదాకా, అక్కడే చదివాను. ఆ తర్వాత జమ్మలమడుగులో పెద్ద బడిలో చేరాను. అక్కడ మొదటి రోజు ఒక పాఠం ఆగకుండా చదివి, "అంటే ఏందమ్మా?" అని అడుగుతారని నిలబడే ఉన్నాను. సారు "గుడ్, కూర్చో" అన్నారు. అంతే. కూర్చున్నాక టీచరమ్మ మీద ఎంత బెంగ పుట్టిందో చెప్పలేను. ఇప్పుడు కడపలో ఒక ఆఫీసులో పని చేస్తున్నాను. మీటింగుల్లో పెద్దవాళ్లు పెద్ద పెద్ద మాటలు చదివి, అర్థమైంది కదా అంటారు. అందరితోపాటు నేనూ తలూపుతాను, ఊపి నాలో నేనే నవ్వుకుంటాను. చదవడం నాకు ఆ చర్చి బడిలోనే వచ్చింది. అర్థం కాకపోయినా తలూపడం మాత్రం ఆ తర్వాత పెద్ద బడుల్లో నేర్చుకున్నాను.